డెల్టాలో కరువొస్తే ముందు చెడేది నీళ్లు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. కాటన్ దొర ఆనకట్ట కట్టిన గోదావరి డెల్టాలో కూడా కరువు మనుషుల ప్రాణం మీదికి వస్తుందా, వస్తే జనం దేనివల్ల పోతారు అన్నది ఒకటి. రాజోలు వైపు, కాలువ చివరన ఉండే శివారు ఊళ్లో, బీపీ ఉన్న అమ్మ, ఏడో నెల గర్భిణి అయిన చెల్లెలు, రెండేళ్ల పిల్లాడు ఉన్న ఇంట్లో వేసవికి కాలువలు కట్టేశాక, అంటే నీళ్లు వదలడం ఆపేశాక, ఏం చూసుకోవాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోదానిలో సగం తేలిపోతుంది.

ఆనకట్ట పుట్టిందే కరువు లోంచి. నందన నామ సంవత్సరం, అంటే 1832-33లో వచ్చిన కరువుకు గుంటూరు జిల్లాలో సుమారు మూడో వంతు జనం పోయారు. ఇటు రాజమండ్రి జిల్లాలో 1821లో 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. కరువులు, తుపానులు, వలసలు అన్నీ కలిస్తే వచ్చిన లెక్క అది. 1847లో ధవళేశ్వరంలో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయ్యాక, 1876-78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతా అల్లాడుతుంటే ఈ డెల్టా బియ్యం పంపే నేల అయింది.

ఆ ధాత కరువు చావుల్లోనే మీకు కావలసిన పాఠం ఉంది. కేవలం తిండి లేక ప్రాణం పోయినవాళ్లకంటే కలరా, రక్తవిరేచనాలు, జ్వరాలతో పోయినవాళ్లే ఎక్కువ. పైగా జ్వరం చావులు ముమ్మరించింది ఎండలు మండుతున్నప్పుడు కాదు, 1877 చివర్లో వానలు పడ్డాక. 1943 బెంగాల్ కరువులోనూ అంతే, కొత్త పంట ఇంటికొచ్చిన 1944లో మలేరియా పెద్ద సంఖ్యలో జనాన్ని తీసుకుపోయింది. అదే 1972-73లో మహారాష్ట్ర పెద్ద కరువు చూసింది, కానీ పనులు పెట్టి కూలి చేతికందించారు కాబట్టి శవాల గుట్టలు చూడలేదు. వాన రాకపోవడానికీ మనిషి పోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఆపొచ్చో తెలుసుకోవడమే మన పని.

డెల్టాలో మొదటి మెట్టు చెరువు. పైన వానల్లేక గోదావరిలో రాక తగ్గితే రెండో పంట దాళ్వాకు వంతులవారీగా నీళ్లిస్తారు, సీలేరు జలాశయాల నుంచి వదిలేదాని మీద ఆధారపడతారు, మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేసి ఇంజన్లతో తోడి చేలకు పెడతారు. కాలువ తల దగ్గర లాకులున్న ఊళ్లు ఎలాగో గట్టెక్కుతాయి. శివారు ఊరి మంచినీటి చెరువు మాత్రం సగం నిండగానే ఏప్రిల్‌లో కాలువ కట్టేస్తారు. ఇక్కడ ఒక లెక్క వేయండి, ప్రతి పంచాయతీ వేయాల్సిన లెక్క ఇది.

ఊరి జనం 5,000. తలకు రోజుకు 55 లీటర్లంటే 2.75 లక్షల లీటర్లు, అంటే 275 ఘనపు మీటర్లు. చెరువు నాలుగెకరాలు, అంటే సుమారు 16,200 చదరపు మీటర్లు. వాడకం వల్ల రోజుకు 17 మి.మీ. దిగుతుంది. ఏప్రిల్, మే ఎండకు ఆవిరయ్యేది 7 మి.మీ. అనుకోండి. మొత్తం 24 మి.మీ. కాలువ కట్టేసిన రోజు చెరువులో మీటరున్నర నీళ్లుంటే, అడుగున అర మీటరు బురద నీరు వాడటానికి పనికిరాదు కాబట్టి మిగిలింది మీటరు. 1000ని 24తో భాగిస్తే 41 రోజులు. కాలువలు 60 రోజులు కట్టేస్తే చివరి 19 రోజులు ఊరు ఆ బురద నీళ్లే తాగుతుంది. గట్టు లోంచి ఊరిపోయేది ఇందులో కలపలేదు. చెరువులో కర్ర పాతి, అంగుళాల గుర్తులు పెట్టి వారానికోసారి రాసుకుంటే ఏ తేదీకి ఇబ్బంది మొదలవుతుందో నెల ముందే తెలుస్తుంది. ట్యాంకర్ల కోసం ఎండీవో ఆఫీసుకు అర్జీ పెట్టాల్సింది అప్పుడు. బిందెలు రోడ్డు మీద పెట్టాక కాదు.

అడుగు నీళ్లలో ఏం చెడుతుందంటే, మొదట క్లోరిన్ లెక్క తప్పుతుంది. కాస్త తేటగా ఉన్న నీళ్లకు 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది. నీళ్లలో బురద, పాచి, పశువుల మలమూత్రాలు పెరిగినకొద్దీ క్లోరిన్ వాటికే ఖర్చయిపోతుంది, క్రిములదాకా మిగలదు. ట్యాంకు ఆపరేటరు ఎప్పటిలాగే అదే డబ్బాతో అంతే పౌడర్ వేస్తాడు, రిజిస్టరులో టిక్కు పెడతాడు, కుళాయిలో మాత్రం క్లోరిన్ సున్నా. కాబట్టి ఎంత వేశారని అడక్కండి, చివరి కుళాయి దగ్గర ఎంత మిగిలిందో చూడండి. లీటరుకు 0.2 మి.గ్రా. తగ్గకూడదు, విరేచనాలు మొదలైన ఊళ్లో 0.5 ఉండాలి. చుక్కల మందు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరిగే చిన్న కిట్టు పంచాయతీలో ఉంటుంది, లేదంటే ఏఎన్‌ఎంని అడగండి. పౌడర్ కూడా పరీక్షించాల్సిందే. కొత్త బస్తాలో 33 శాతం దాకా ఉండే క్లోరిన్, మూతి విప్పి షెడ్డులో వదిలేస్తే వేసవి తేమకు వారాల్లో చచ్చిపోతుంది. ఘాటు వాసన రాని పౌడర్ సున్నంతో సమానం.

ఫిల్టర్ బెడ్ల దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. పాచి పట్టి ఇసుక మూసుకుపోతే పైన రెండు మూడు సెంటీమీటర్ల పొర గీకేస్తారు. నీళ్లు జోరుగా దిగుతాయి, జనం సంతోషిస్తారు. కానీ నెమ్మదిగా వడకట్టే ఇసుక బెడ్‌లో క్రిముల్ని పట్టేది పైన పేరుకునే ఆ జిగురు పొరే. గీకాక అది మళ్లీ ఏర్పడడానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా వచ్చే నీళ్లు కంటికి తేట, కడుపుకు చేటు. రెండు బెడ్లుంటే ఒకటి తర్వాత ఒకటి గీకాలి, ఆ వారం క్లోరిన్ జాగ్రత్తగా చూడాలి.

చెరువు నీళ్లు పచ్చరంగు పెయింటు ఒలికినట్టు తేలితే అది మామూలు పాచి కాకపోవచ్చు. నీలిఆకుపచ్చ నాచుల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషం చేస్తాయి. మరగబెడితే ఆ విషం పోదు. మైలుతుత్తం చల్లితే నాచు చస్తుంది గానీ, చస్తూ ఒంట్లో ఉన్న విషమంతా నీళ్లలో కక్కుతుంది. అలాంటప్పుడు ఆ చెరువు తాగడానికి ఆపడమే మార్గం. పశువుల్ని కూడా దింపకండి.

ఇంట్లో చేయాల్సింది ఇది. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేర్చండి. చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక ముక్క కాసేపు తిప్పినా మట్టి అడుక్కి దిగుతుంది. తేరిన నీళ్లు మెల్లగా వంచి, పలచని పాత చీరను నాలుగు మడతలేసి వడకట్టి, అప్పుడు క్లోరిన్ బిళ్ల. ఆశా కార్యకర్త ఇచ్చే బిళ్ల ఎన్ని లీటర్లకో అట్ట మీదే ఉంటుంది, అది చూసి వేసి అరగంట ఆగండి. తేర్చకుండా మడ్డి నీళ్లలో బిళ్ల వేస్తే పనిచేయదు. చిల్లగింజ క్రిముల్ని చంపదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. గ్యాసు ఖర్చుకు ఓర్చుకోగలిగితే తెర్లకాచి చల్లార్చడం అన్నిటికంటే నమ్మకం. తాగే బిందెకు మూత, పిడి ఉన్న ముంత. చేతులు ముంచకూడదు.

ఇప్పుడు ఉప్పు సంగతి. మీ వైపు కుటుంబాలకు ఇది పెద్దది, ఎవరూ పట్టించుకోనిది కూడా. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల్లో మంచినీటి ఒత్తిడి తగ్గితే సముద్రపు పోటు ఎగదన్నుతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఇసుక దిబ్బల కింద వాననీటి పొర ఒకటి ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఆ మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే అడుగున ఉప్పునీరు సిద్ధాంతం ప్రకారం నలభై అడుగులు పైకి వస్తుంది. కరువు ఏడు అందరూ మోటార్లు దింపి గట్టిగా లాగుతారు, రెండు వేసవుల్లో బోరు ఉప్పదేలిపోతుంది. అలాంటిచోట లోతు తక్కువ బావి లోంచి కొంచెం కొంచెంగా తోడుకుంటేనే ఆ పొర నిలుస్తుంది.

ఉప్పు నీళ్లు తాగితే ఏమవుతుందో అంకెల్లో చూడండి. మన దేశ ప్రమాణాల్లో క్లోరైడు లీటరుకు 250 మి.గ్రా. దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 1000 దాకా ఒప్పుకుంటారు. 1000 ఉన్న నీళ్లలో అదంతా సోడియంతోనే కలిసి ఉందనుకుంటే లీటరుకు 1.65 గ్రాముల ఉప్పు. వేసవిలో నాలుగు లీటర్లు తాగితే 6.6 గ్రాములు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే మీ అమ్మగారు కూరలో ఉప్పు మానేసి, ఆవకాయ ముట్టకుండా ఉన్నా గ్లాసులోనే గీత దాటేస్తారు. డాక్టరు బీపీ బిళ్ల పెంచుతూ పోతాడు, నీళ్ల సంగతి అడగడు. మీరే చెప్పాలి.

మీ చెల్లెలి విషయం ఇంకా తొందరైంది. బంగ్లాదేశ్ తీరంలో ఉప్పు నీళ్లు తాగే గర్భిణుల్లో బీపీ, గుర్రపువాతం (బీపీ పెరిగి మూర్ఛలు రావడం) ముప్పు ఎక్కువని, అదీ వానాకాలం కంటే ఎండాకాలంలో ఎక్కువని పరిశోధనల్లో తేలింది. నేల, నీరు మనలాంటివే. ఏడో నెల నుంచి పదిహేను రోజులకోసారి, నీళ్లు ఉప్పదేలిన నెలల్లో వారానికోసారి బీపీ చూపించండి. 140/90 దాటితే అదే రోజు డాక్టరు చూడాలి. 160/110 ఉన్నా, విడవని తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, డొక్క పైభాగంలో నొప్పి, మొహం ఉబ్బడం వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చేయడమే. ఇంకోటి, నీళ్లు చెడ్డ ఊళ్లో పచ్చకామెర్లు వస్తే అది హెపటైటిస్-ఈ కావచ్చు. మామూలు వాళ్లకు తగ్గిపోయే ఆ జబ్బు చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణుల్లో నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం తీయగలదు. కళ్లు పచ్చబడితే పసరు మందు, చేతి మీద వాత అంటూ ఒక్క రోజు కూడా పోగొట్టకండి.

అందువల్ల తాగడానికి, వంటకు ఆర్‌ఓ నీళ్లు కొనుక్కోవడం ఈ మూడు నెలలు తప్పు కాదు, ముందు వాళ్లిద్దరికీ, పిల్లాడికీ. అయితే రెండు మూడు వందలకు దొరికే టీడీఎస్ మీటరు పెట్టి ‘80 చూపించింది, బంగారం లాంటి నీళ్లు’ అనుకోవద్దు. అది ఉప్పును కొలుస్తుంది, క్రిముల్ని కాదు. కడగని టిన్నులో, క్లోరిన్ లేని ఆర్‌ఓ నీళ్లలో క్రిములు హాయిగా పెరుగుతాయి. టిన్ను తెచ్చిన నీళ్లు నెలకోసారైనా నీటి పరీక్షకు వాడే హెచ్‌2ఎస్ సీసాలో పోసి చూడండి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసినట్టే లెక్క.

పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్, దానితో జింకు 20 మి.గ్రా. పద్నాలుగు రోజులు. విరేచనాలు ఆగిపోయినా జింకు ఆపొద్దు. ఇక్కడ డెల్టాకే ప్రత్యేకమైన తప్పొకటి ఉంది. లీటరు ఓఆర్‌ఎస్‌లో సోడియం 75 మిల్లీమోల్స్ ఉండేలా పొట్లం తయారు చేస్తారు. దాన్ని క్లోరైడు 1000 ఉన్న బోరు నీళ్లలో కలిపితే అది 103 దాకా పోతుంది. పసిబిడ్డ రక్తంలో సోడియం పెరిగి మూర్ఛలు రావచ్చు. పొట్లం ఎప్పుడూ చప్పని నీళ్లలోనే, పూర్తి లీటరుకే కలపాలి. సగం పొట్లం అర లీటరుకు అని కళ్లతో కొలవకండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా గీసినట్టు సమంగా. నీళ్లు ఇప్పటికే ఉప్పగా ఉంటే ఈ ఇంటి ద్రావణం జోలికి పోకండి. పది కిలోల పిల్లాడికి ఒళ్లు కాస్త వాడినట్టుంటే నాలుగు గంటల్లో 750 మి.లీ. చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా. తాగలేకపోతున్నా, పొట్ట చర్మం చిటికెతో పట్టి వదిలితే రెండు సెకన్లకు మించి మడతగా నిలిచినా ఆసుపత్రికి. కొబ్బరి బోండాం ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు, అందులో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు, పొటాషియం నిలబెట్టే బీపీ బిళ్లలు వాడేవాళ్లకు ఆ పొటాషియమే గుండె లయ తప్పిస్తుంది. కోనసీమలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు గానీ నిజం.

వేడి గురించి. ఊడ్పులు లేక చేలు ఎండితే గాలి ఇంకా కాగుతుంది, సముద్రపు తేమ మాత్రం పోదు. రాయలసీమలో 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే తడి ఆరడం వల్ల ఎంతదాకా చల్లబడగలదో చెప్పే అంకె, సుమారు 24. కోనసీమలో 36 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతమైతే అది 31. చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. పేపర్లో అంకె చూసి ఇక్కడ ఎండ తక్కువే కదా అనుకుని మధ్యాహ్నం కొబ్బరి దింపుకు పోయేవాళ్లకు దెబ్బ తగిలేది ఇలాగే. మాట తడబడి, ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలుతుంటే అది వడదెబ్బ. ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి: నీడ, బట్టలు వదులు, ఒళ్లంతా నీళ్లు, విసనకర్ర. పారాసెటమాల్ దీనికి పనిచేయదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

కూలి చేసొచ్చి ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మన ఊళ్లలో అలవాటు. నీరు ఎండిన ఒంట్లో ఆ సూది మూత్రపిండాలను ఒక్క రోజులో దెబ్బతీయగలదు. అమ్మగారి బీపీ బిళ్లల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది ఉంటే, విరేచనాలో వాంతులో పట్టుకున్న రోజు ఆ బిళ్ల వేయాలా ఆపాలా అన్నది డాక్టరును ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. అన్నట్టు, ఉద్దానం కిడ్నీ జబ్బును తెచ్చి ఇక్కడి ఉప్పు నీళ్లకు అతికించేవాళ్ల మాటలు వినకండి. దాని కారణమే ఇంకా తేలలేదు.

తిండి దగ్గర డెల్టా కరువు బయటికి కనబడదు. రేషన్ బియ్యం వస్తాయి, కడుపు నిండుతుంది. కూలి రోజులు తగ్గేసరికి గుడ్డు, పప్పు, ఆకుకూర, కాలువ చేప పళ్లెంలోంచి ఒక్కొక్కటే తప్పుకుంటాయి. అంగన్‌వాడీలో నెలకోసారి పిల్లాడి దండ చేయి (మోచేతి పై భాగం) చుట్టుకొలత చూపించండి. 12.5 సెం.మీ. లోపు పడితే జాగ్రత్త, 11.5 లోపు పడితే ఆసుపత్రి. అలా చిక్కిన పిల్లాడికి ఒక్కసారి పొట్ట పగిలేలా పెట్టడం ప్రమాదం, మొదటి రోజుల్లో పాలతో చేసిన పలచని ఆహారం రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా ఇస్తారు. తట్టు టీకా, విటమిన్ ఏ చుక్కలు బాకీ ఉంటే ఇప్పుడే వేయించండి. బక్కచిక్కిన పిల్లల్లో తట్టు కరువు రోజుల్లో చాలామందిని తీసుకుపోయింది.

కౌలు రైతుల ఇళ్లలో ఇంకో చావు పొంచి ఉంటుంది. పంట పోయిన ఏడు పురుగుమందు డబ్బా ఇంట్లో కాక, తాళమున్న చోట, తాళంచెవి వేరొకరి దగ్గర ఉండేలా చూడండి. మనసు కుంగినవాళ్లు ఫోన్ చేయాల్సింది 14416, టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

ఇక నీళ్లు తిరిగొచ్చే రోజులు. నీళ్ల కొరతకు ఇల్లంతా గోలేలు, డ్రమ్ములు, కుండీలు నింపి పెట్టుకుంటారు, డెంగీ దోమకు కావలసింది అవే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు, కాబట్టి వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడల్ని పీచుతో తోమాలి. ఊరికే ఒంచేస్తే చాలదు, గోడకు అంటిన గుడ్లు నెలల తరబడి ఎండినా బతికి తొలి వాన చుక్కకు పొదుగుతాయి.

జూన్‌లో కాలువ వదిలిన తొలి రోజుల నీళ్లు రెండు నెలల చెత్తని, కళేబరాల్ని, ఎండిన కాలువ గర్భంలో పోగైన మలాన్ని మోసుకొస్తాయి. చెరువు అడుగంటింది కదా అని ఆ నీళ్లకే తూము ఎత్తేస్తారు, వారం తిరక్కుండా పీహెచ్‌సీలో మంచాలు నిండుతాయి. తొలి నీరు ఎర్రగా, నురగగా ఉన్నన్నాళ్లు తూము మూసి దిగువకు పోనివ్వండి. గాజు గ్లాసులో పట్టి అరగంట ఉంచితే అడుగున వేలెడు మడ్డి చేరకుండా ఉన్నప్పుడు చెరువులోకి తిప్పండి, ఆ వారం క్లోరిన్ బిళ్లలు రెండు అట్టలు ఇంట్లో ఉంచుకోండి. చెల్లెలికి నెలలు నిండేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే అయితే, కాన్పయ్యేదాకా ఆమె బిందె వేరే పెట్టండి.